సర్పంచ్ గారి పదిహేను వందలు

2021లో తెలంగాణ సర్పంచుల గౌరవ వేతనం నెలకు 5,000 నుంచి 6,500 రూపాయలకు పెరిగింది. పెరిగింది పదిహేను వందలు. రోజు లెక్కన యాభై రూపాయలు. పని మీద ఇంటికొచ్చిన నలుగురికి టీ తెప్పిస్తే అక్కడికక్కడే సరి.

అయినా ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా హోటల్ బల్లల దగ్గర వినిపించే మాట ఒకటుంది. "ట్రాక్టర్లో డీజిల్‌కు డబ్బుల్లేవంటారు, మోరీలు తీసేవాళ్లకు నెలల తరబడి జీతాల్లేవంటారు, వీళ్లకు పెంచడానికి మాత్రం ఎక్కడినుంచి వస్తాయో!" ఈ మాట అన్నవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు చెప్పిన రెండూ నిజమే. పంచాయతీ కార్మికుల జీతాలు ఆగడం నిజం, గౌరవ వేతనం పెరగడమూ నిజం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కడుపు మండడం సహజం.

నాకు అనుమానం ఆ కోపం నిజమైనదా కాదా అని కాదు. అది సరైన గుమ్మం ముందు నిలబడిందా అని. ఖజానా ఖాళీ అయినప్పుడు ప్రజాప్రతినిధులు జీతాల పెంపు తీసుకోవచ్చా అనే ప్రశ్నను మనం వార్డు మెంబరు నుంచి ముఖ్యమంత్రి దాకా అందరికీ ఒకే గొంతుతో వేస్తాం. ఒక్కొక్కరి విషయంలో అది వేర్వేరు ప్రశ్న.

ముందు లెక్క తేల్చుకుందాం. 2019 జనవరిలో ఎన్నికలు జరిగేనాటికి తెలంగాణలో 12,751 గ్రామ పంచాయతీలున్నాయి. ఒక్కొక్కరికి 1,500 అదనం అంటే నెలకు కోటీ 91 లక్షలు, ఏడాదికి దాదాపు 23 కోట్లు. 2021-22 రాష్ట్ర బడ్జెట్ 2 లక్షల 30 వేల కోట్ల పైమాటే. భాగించి చూడండి. పది వేల రూపాయల్లో ఒక్క రూపాయి. ఆ రూపాయి ఆపినందువల్ల ప్రభుత్వానికి ఒరిగేది ఏమీ లేదు, ఇచ్చినందువల్ల ఊడిపోయేదీ లేదు.

అక్కడితో చర్చ అయిపోయిందని సర్పంచుల తరఫున మాట్లాడేవాళ్లు అనుకుంటారు. నేను అనుకోను. బడ్జెట్‌లో ఏ ఖర్చునైనా విడిగా బయటికి తీసి చూపిస్తే చిన్నగానే కనిపిస్తుంది. మంత్రిగారి కొత్త కారు చిన్నదే, ఛైర్మన్ గారి క్యాబిన్‌కు వేసిన టైల్స్ ఖర్చు ఇంకా చిన్నది. "ఇదెంతని" అనే మాట ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చు. పైగా ఆ పదిహేను వందలు ఏ ఖాతా నుంచి వస్తున్నాయనేది కూడా చూడాలి. రాష్ట్ర ఖజానా నుంచి వస్తే ఒక లెక్క, పంచాయతీ సొంత నిధుల నుంచి తీస్తే ఇంకో లెక్క. 2018లో తండాలను, గూడేలను పెద్ద సంఖ్యలో కొత్త పంచాయతీలుగా చేశారు. ఇంటి పన్ను తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం లేని చోట నెలకు 6,500 అంటే వీధిదీపాల బల్బులు, బ్లీచింగ్ పౌడర్, మోటారు రిపేరు. అక్కడ అది పదివేలలో రూపాయి కాదు.

గౌరవం ఎంత, వేతనం ఎంత

ఆ పేరులోనే ఒక తిరకాసు ఉంది. ఇది జీతం కాదు, గౌరవ వేతనం. పదవి అనేది సేవ, దానికి కూలి కట్టకూడదు, చేతి ఖర్చులకు ఏదో ఇంత ఇస్తాం అన్నది దాని వెనకున్న ఆలోచన. ఊళ్లో పెద్ద భూస్వామి సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఆ ఆలోచన నడిచింది. ఆయనకు పంచాయతీ ఇచ్చే డబ్బు లెక్కే కాదు. తీసుకున్నాడో లేదో కూడా ఆయనకు గుర్తుండదు.

2015కు ముందు తెలంగాణలో సర్పంచ్‌కు పంచాయతీ స్థాయిని బట్టి నెలకు 1,000 లేదా 1,500 వచ్చేవి. ఎంపీటీసీకి 750. ఆ ఏడాది మార్చిలో ప్రభుత్వం వీటిని ఒక్కసారిగా పెంచింది. సర్పంచ్‌కు, ఎంపీటీసీకి 5,000, ఎంపీపీకి, జెడ్పీటీసీకి 10,000, మేయర్‌కు 50,000. జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్‌కు 7,500 ఉన్నది ఏకంగా లక్ష అయింది. తర్వాత ఆరేళ్లకు, ప్రభుత్వోద్యోగులకు పీఆర్సీ (వేతన సవరణ) కింద 30 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, ఇచ్చిన ఏడాదే, అదే శాతం వీళ్లకూ వర్తింపజేశారు. అలా వచ్చిందే ఈ పదిహేను వందలు. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 3,000 దగ్గరే ఉండిపోయింది. రోజుకు వంద.

ఇప్పుడు అదే ఊళ్లో మిగతావాళ్ల సంగతి చూడండి. 2021లో తెలంగాణ పంచాయతీలో చెత్త ఎత్తే, ట్రాక్టర్ నడిపే మల్టీపర్పస్ వర్కర్ నెల జీతం 8,500. అది ఏ రకంగా చూసినా ఎక్కువ కాదు, ఆ పనికి చాలా తక్కువ. కానీ సర్పంచ్‌కు పెంచాక కూడా వచ్చేది అంతకంటే రెండు వేలు తక్కువ. అదే ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. సర్పంచ్ 6,500ను ముప్పై రోజులకు పంచితే 217. ఉపాధి కూలీకి ఏడాది పొడుగునా పని దొరకదు, కాబట్టి రెంటినీ అచ్చంగా పోల్చలేం. అయినా ఊరి మొదటి పౌరుడి రోజు ఖరీదు మట్టి తవ్వే కూలికంటే తక్కువని తెలిస్తే వేలు చూపించే ముందు ఒక్క క్షణం ఆగుతాం.

పని తక్కువా అంటే అదీ కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణ సర్పంచ్ నెత్తిన పడినవి చాలా ఉన్నాయి. నర్సరీ పెంచాలి, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టించాలి, రోజూ చెత్త ఎత్తించాలి, ఉపసర్పంచ్‌తో కలిసి చెక్కుల మీద సంతకాలు పెట్టాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే పదవికే ముప్పు అని హెచ్చరిక ఉంది. నిర్లక్ష్యం పేరుతో కలెక్టర్ సస్పెండ్ చేయవచ్చు. ఇదంతా ఫుల్ టైమ్ ఉద్యోగం. ఇచ్చేది మాత్రం చేతి ఖర్చు.

ఇక్కడ ఒక మనిషిని ఊహించుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉన్నాయి. రిజర్వేషన్ కలిసొచ్చి, నిన్నటి దాకా పత్తి ఏరడానికి, నాట్లకు వెళ్లిన ఆమె సర్పంచ్ అయింది. సోమవారం ప్రజావాణికి జిల్లా కేంద్రానికి, మంగళవారం మండల ఆఫీసులో మీటింగు, మధ్యలో ఎవరో చనిపోతే అక్కడికి, బోరు కాలిపోతే ఇక్కడికి. కూలికి పోయే రోజులు పోయాయి. బస్సు ఛార్జీలు, వచ్చినవాళ్లకు మర్యాదలు, పెళ్లికి కట్నం చదివింపులు చేతినుంచే. ఊళ్లో సర్పంచ్ ఇంటికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చామని ఎవరూ చెప్పుకోరు కదా! ఆమెను "బడ్జెట్ బాగాలేదు, పెంపు వద్దనమ్మా" అని అడిగితే త్యాగం చేయమని అడిగినట్టా, లేక ఈ పదవి నీలాంటివాళ్లది కాదని చెప్పినట్టా?

స్థానిక పదవులకు జీతాలు తక్కువగా ఉంచితే ఆదా అయ్యేది పిసరంత, జరిగే నష్టం అభ్యర్థుల ఎంపికలో. కూలి మానుకోగలిగినవాళ్లు, కాంట్రాక్టులున్నవాళ్లు, వెనక రియల్ ఎస్టేట్ డబ్బున్నవాళ్లే నామినేషన్ వేస్తారు. మిగతావాళ్లు వేసినా, వాళ్ల పేరు మీద ఇంకెవరో నడిపిస్తారు.

మరి పెంచితే నిజాయితీ వస్తుందా

రాదు. జీతం పెంచితే అవినీతి తగ్గుతుందనే వాదనను అంత తేలిగ్గా నమ్మలేం. మన ఊళ్లలోనే దానికి పెద్ద రుజువుంది. ఎన్నికలొచ్చినప్పుడు సర్పంచ్ పదవికి వేలంపాటలు జరిగిన వార్తలు ప్రతిసారీ చదువుతూనే ఉన్నాం. గుడి కడతామనో, ఊరికి ఇస్తామనో లక్షలు పాడతారు. తెలంగాణలో ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితి చూస్తే ఐదు వేల జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి రెండున్నర లక్షలు, అంతకంటే చిన్న ఊళ్లో లక్షన్నర. అది కాగితం మీది పరిమితి. నెలకు 6,500 చొప్పున ఐదేళ్లకు వచ్చే మొత్తం 3 లక్షల 90 వేలు. ఆ మొత్తం కోసం పది, పాతిక లక్షలు పెట్టేవాళ్లు గౌరవ వేతనం చూసి పెట్టడం లేదని వేరే చెప్పాలా? దాన్ని రెట్టింపు చేసినా వాళ్ల లెక్కలు మారవు.

జీతం వద్దన్నంత మాత్రాన మచ్చ రాకుండా ఉండదు కూడా. 1991లో ముఖ్యమంత్రి అయిన జయలలిత నెలకు ఒక్క రూపాయే జీతం తీసుకుంటానన్నారు. ఆ ఐదేళ్ల పాలనకు సంబంధించిన ఆస్తుల కేసే ఆ తర్వాత రెండు దశాబ్దాలు కోర్టుల్లో నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అమెరికాలో ఇంకో రకం కథ జరిగింది. లాస్ ఏంజెలిస్ పక్కన బెల్ అని చిన్న పట్టణం, జనాభా నలభై వేల లోపు, ఎక్కువమంది కష్టజీవులు. 2010లో, దేశమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్నప్పుడు, అక్కడి సిటీ మేనేజర్ ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, పార్ట్ టైమ్ కౌన్సిలర్లు దాదాపు లక్ష డాలర్ల చొప్పున తీసుకుంటున్నారని లాస్ ఏంజెలిస్ టైమ్స్ బయటపెట్టింది. అంత చిన్న ఊళ్లో కౌన్సిలర్‌కు కాలిఫోర్నియా చట్టం ప్రకారం వచ్చేది నెలకు కొన్ని వందల డాలర్లే. వాళ్లు దాన్నెలా దాటారంటే, 2005లో ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి సొంత చార్టర్, అంటే పట్టణానికి సొంత పాలనా నియమావళి, తెచ్చుకున్నారు. చార్టర్ ఉన్న పట్టణానికి ఆ పరిమితి వర్తించదు. ఆ ఎన్నికలో ఓటేసినవాళ్లు నాలుగు వందల మంది కూడా లేరు. చివరికి మేనేజర్‌కు 12 ఏళ్ల జైలు పడింది, ఐదుగురు మాజీ కౌన్సిల్ సభ్యులు దోషులుగా తేలారు.

బెల్ కథను "చూశారా, జీతాలు పెంచితే ఇలా ఉంటుంది" అని చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో అసలు సంగతి లక్ష డాలర్లు కాదు, ఆ నాలుగు వందల ఓట్లు. తమ జీతం తామే రాసుకున్నారు, ఎవరూ చూడని వేళ చూసి రాసుకున్నారు.

రాసేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు

సర్పంచ్‌కూ ఎమ్మెల్యేకూ తేడా ఇక్కడే. సర్పంచ్ తన గౌరవ వేతనాన్ని తాను పెంచుకోలేడు. గ్రామసభ తీర్మానం చేసినా చెల్లదు. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఇచ్చినా డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. శాసనసభ్యుల జీతాలు మాత్రం రాజ్యాంగంలోని 195వ అధికరణ ప్రకారం శాసనసభ చేసే చట్టంతోనే నిర్ణయమవుతాయి. బిల్లు పెట్టేదీ వాళ్లే, చేతులెత్తేదీ వాళ్లే, చెక్కు తీసుకునేదీ వాళ్లే. ఎంపీలకు 106వ అధికరణ కింద ఇదే ఏర్పాటు.

2016 మార్చి నెలాఖరు గుర్తు చేసుకుందాం. తెలంగాణ శాసనసభ ఎమ్మెల్యేలకు నెలకు 95,000 ఉన్నదాన్ని రెండున్నర లక్షలు చేసింది. అదే వారంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 95,000ను లక్షా 25 వేలు చేసింది. రాష్ట్రం విడిపోయి రెండేళ్లు కాలేదు. రాజధాని లేదు, లోటు బడ్జెట్ అనే మాట ఆంధ్రప్రదేశ్‌లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చిన రోజులవి. మామూలుగా ఒకరి మాట ఒకరు వినని పార్టీలు ఇలాంటి బిల్లుల దగ్గర భలే కలిసిపోతాయి. కర్ణాటకలో 2025 మార్చిలో ముఖ్యమంత్రి జీతాన్ని 75 వేల నుంచి లక్షన్నరకు, ఎమ్మెల్యేల జీతాన్ని 40 వేల నుంచి 80 వేలకు పెంచే బిల్లులు గందరగోళం మధ్య చర్చే లేకుండా పాసయ్యాయి.

ఎమ్మెల్యేకు రెండున్నర లక్షలు అక్కర్లేదని నేను తేల్చి చెప్పలేను. నియోజకవర్గం తిరగడం, ఆఫీసు నడపడం, రోజూ వచ్చే వందమందిని చూసుకోవడం ఖర్చుతో కూడినవే. నా అభ్యంతరం ఆ కలం వాళ్ల చేతిలోనే ఉండటం మీద.

కొన్ని దేశాలు ఈ ముడిని కొంత విప్పాయి. బ్రెజిల్‌లో మున్సిపల్ కౌన్సిలర్ల జీతానికి రాజ్యాంగమే జనాభాను బట్టి పైకప్పు వేసింది. పది వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో రాష్ట్ర శాసనసభ్యుడి జీతంలో 20 శాతం మించకూడదు, ఐదు లక్షలు దాటిన నగరంలో 75 శాతం మించకూడదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఒక కౌన్సిల్ నిర్ణయించే జీతం తర్వాతి కౌన్సిల్‌కే వర్తిస్తుంది. ఆ జనాభా గీతలకు అటూ ఇటూ ఉన్న పట్టణాలను పోల్చి చూసిన పరిశోధకులకు, జీతం ఎక్కువున్న చోట పోటీ పెరిగిందని, కాస్త చదువుకున్నవాళ్లు వచ్చారని, కౌన్సిలర్లు ఎక్కువ బిల్లులు పెట్టారని తేలింది. అద్భుతాలేమీ జరగలేదు, కొంత మెరుగు. అమెరికా పార్లమెంటు విషయంలోనూ ఇదే సూత్రం. సభ్యులు తమ జీతం మార్చుకుంటే మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలన్న రాజ్యాంగ సవరణను 1789లో ప్రతిపాదించారు, ఆమోదం పూర్తయింది 1992లో. తమ జీతాలకు కళ్లెం వేసుకోవడానికి రెండు వందల ఏళ్లు పట్టిందన్నమాట.

మనవాళ్లు ఎంపీల విషయంలో ఇంకో దారి పట్టారు. 2018లో జీతాన్ని నెలకు లక్ష చేసి, ఇక మీదట ఐదేళ్లకోసారి ధరల సూచీని బట్టి దానంతటదే పెరిగేలా చట్టం చేశారు. 2025 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్‌తో అది లక్షా 24 వేలు అయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. తమ జీతానికి తామే ఓటేసుకునే ఇబ్బంది పోయింది. దాంతోపాటు చర్చ కూడా పోయింది.

పంచాయతీలకు అలాంటి ఏర్పాటేదీ లేదు. 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభను, రిజర్వేషన్లను, రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని రాసింది కానీ, సర్పంచ్‌కు ఎంతివ్వాలనేది రాష్ట్రాలకు వదిలేసింది. అందుకే 2015లో ఒక దానం, 2021లో ఒక కానుక. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడో, సంఘాలు రోడ్డెక్కినప్పుడో పెరుగుతుంది. మళ్లీ ఎన్నేళ్లకు పెరుగుతుందో చెప్పే నియమం ఏదీ ఉండదు.

కోత పడినప్పుడు ఏం జరిగింది

2020 మార్చి 30న, లాక్‌డౌన్ మొదలైన వారానికి, తెలంగాణ ప్రభుత్వం జీతాల్లో కోత ప్రకటించింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, కార్పొరేషన్ ఛైర్మన్లు, స్థానిక సంస్థల ప్రతినిధులకు 75 శాతం. ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60. మిగతా ఉద్యోగులకు 50. నాలుగో తరగతి, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 10. ఆ మర్నాడే ఆంధ్రప్రదేశ్ ప్రజాప్రతినిధుల మొత్తం జీతాన్ని వాయిదా వేసింది.

పైనున్నవాళ్లకు ఎక్కువ, కిందున్నవాళ్లకు తక్కువ అనేది పైకి చూస్తే న్యాయంగానే ఉంది. ఇప్పుడు అంకెలు వేసి చూడండి. రెండున్నర లక్షలు తీసుకునే ఎమ్మెల్యేకు 75 శాతం పోతే మిగిలేది 62,500. ఐదు వేలు తీసుకునే సర్పంచ్‌కు అదే శాతం పోతే మిగిలేది 1,250. పంచాయతీ కార్మికుడు 10 శాతం గీతలో ఉంటే, అతని కంటే తక్కువ వచ్చే సర్పంచ్ ముఖ్యమంత్రితో ఒకే గీతలో ఉన్నాడు. కారణం ఒక్కటే, ఇద్దరినీ "ప్రజాప్రతినిధులు" అనే ఒక్క మాటతో కట్టేయడం. మనం టీ కొట్టు దగ్గర చేసే పనే ప్రభుత్వం జీవోలో చేసింది!

కేంద్రంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. 2020 ఏప్రిల్‌లో ఎంపీల జీతంలో ఏడాదిపాటు 30 శాతం కోత పెట్టారు. పేపర్లలో అదే పెద్ద అక్షరాల్లో వచ్చింది. అదే రోజు అదే నిర్ణయంతో ఎంపీ ల్యాడ్స్ నిధులను, అంటే ఎంపీలు తమ ప్రాంతాల్లో పనులకు కేటాయించే డబ్బును, రెండేళ్లపాటు ఆపేశారు. మూల వేతనంలో 30 శాతం అంటే ఎంపీకి నెలకు 30 వేలు. ఉభయ సభల్లో 790 మంది అనుకున్నా ఏడాదికి 28 కోట్ల చిల్లర. ఎంపీ ల్యాడ్స్ నిలిపివేతతో మిగిలేది 7,900 కోట్లని ప్రభుత్వమే చెప్పింది. మొదటిది ఎంపీ జేబులోంచి పోయింది. రెండోది ఊళ్లలో వేయాల్సిన బోర్లు, కమ్యూనిటీ హాళ్లు, సీసీ రోడ్ల నుంచి పోయింది. ఆ కష్టకాలంలో ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ నాయకుడి జీతం కోత మీద మన చూపు నిలిచినప్పుడు పక్కనే జరిగిన పెద్ద కోత కంటికి ఆనలేదు.

ఉద్యోగుల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆగిన జీతాలు, పింఛన్ల మీద 6 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. చేసిన పనికి వేతనం హక్కు అని వాళ్లు కోర్టుకు పోగలిగారు. గౌరవ వేతనం కోసం అలా కోర్టుకెక్కిన సర్పంచ్‌ను ఊహించుకోండి. గౌరవం పోతుంది.

వద్దనడం మంచిదేనా

బ్రిటన్‌లో ఎంపీల జీతాన్ని ఒక స్వతంత్ర సంస్థ నిర్ణయిస్తుంది. 2015లో అది 67,060 పౌండ్లను 74,000 చేసింది. ప్రభుత్వోద్యోగులకు అప్పుడు ఒక్క శాతం పెంపుకే పరిమితి. జనం మండిపడ్డారు. కొందరు ఎంపీలు తమ పెంపును దానం చేస్తామని ప్రకటించారు. 2020లో కరోనా మధ్య మళ్లీ పెంపు ప్రతిపాదన వచ్చి, గొడవైతే ఆ సంస్థే దాన్ని వెనక్కి తీసుకుంది.

దానం చేస్తామనే ప్రకటన వినడానికి బాగుంటుంది. దాంతో ఒక చిక్కుంది. పెట్రోలు బంకు ఉన్న సర్పంచ్ "నాకు పెంపు వద్దు" అని పేపర్లో ఫొటో వేయించుకున్న రోజు, పక్క ఊళ్లో కూలి మానుకుని వచ్చిన సర్పంచ్ అత్యాశపరురాలిగా కనిపిస్తుంది. ఆయన వదులుకున్నది ఆయనకు అక్కర్లేని డబ్బు. ఆమె తీసుకున్నది ఆమెకు అవసరమైన డబ్బు. ఉన్నవాడి త్యాగం లేనివాళ్లకు పరీక్షగా మారడం అంటే ఇదే. అందుకే పెంపు తీసుకోవాలా వద్దా అనేది ఒక్కొక్కరి మనస్సాక్షికి వదిలేయడం నాకు నచ్చదు.

నియమం కావాలి. నన్నడిగితే దాన్ని ఇలా రాస్తాను. సర్పంచ్ నుంచి ముఖ్యమంత్రి దాకా ఎవరి జీతం పెరిగినా అది తర్వాతి ఎన్నిక అయ్యాకే అమలు కావాలి, అంటే పెంచినవాళ్లకో అడిగినవాళ్లకో కాకుండా జనం మళ్లీ ఎన్నుకున్నవాళ్లకు. గ్రామ స్థాయిలో గౌరవ వేతనం అదే పంచాయతీలోని కార్మికుడి జీతం కంటే తక్కువ ఉండకూడదు. ఆ డబ్బు పంచాయతీ ఖాతా నుంచి కాకుండా రాష్ట్రం నుంచి రావాలి. ఇక ఒక్క చోట నేను సర్పంచుల పక్కన నిలబడను. పారిశుధ్య కార్మికుల జీతాలు బకాయి ఉన్నంతకాలం ఆ పంచాయతీలో పెంపు ఆగాలి. శాతాల లెక్క కోసం కాదు, పొద్దున్నే చీపురు పట్టుకొచ్చే మనిషి ముఖం చూడాలి కాబట్టి. అదే షరతు సచివాలయానికీ పెట్టాలి. కార్మికులకు నిధులు ఆపింది పైవాళ్లయితే, పెంపు ఆగాల్సింది ఎవరిదో చెప్పనక్కర్లేదు.

అసలు కోత పడేది ఎక్కడో చూడాలంటే పంచాయతీ పాస్‌బుక్ తెరవాలి. తెలంగాణలో 2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం పనులకు అప్పులు తెచ్చి పెట్టామని, బిల్లులు రాలేదని వాళ్లలో చాలామంది మాజీలయ్యాక కూడా రోడ్డెక్కారు, అరెస్టయ్యారు. ఎన్నికలు జరపకుండా ప్రత్యేకాధికారులతో నడిపినందుకు కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. 2025 డిసెంబరులో గెలిచి కుర్చీలెక్కిన కొత్త సర్పంచులకు అప్పజెప్పిన ఖాతాలు అలాంటివి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) మళ్లించారని సర్పంచులు గగ్గోలు పెట్టారు. ఊరికి తెలియకుండా, తీర్మానం లేకుండా డబ్బు వెళ్లిపోయిందని చెప్పి కొన్నిచోట్ల జోలె పట్టి భిక్షాటన చేశారు. వాళ్ల డిమాండ్ల కాగితంలో గౌరవ వేతనం పెంపు కూడా ఉంది. మొదటి డిమాండు మాత్రం అది కాదు. ఊరి డబ్బు ఊరికి తిరిగి వేయమని.